సీరియల్ ద్వారము - సామాన్యునికి అనుమతి

ఆర్డ్వినో అనే చిన్న విద్యుత్ పలక నేడు అనేక పాఠశాలలలో విద్యార్థుల చేతికి వచ్చినది. ఉష్ణోగ్రతను కొలుచుట, దీపమును వెలిగించుట, చిన్న మోటారును త్రిప్పుట వంటి పనులను దీనితో నేర్చుకొనవచ్చును. 2016 లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల మూలముగా ఇటువంటి పరికరములు మన దేశములోని పాఠశాలలలో కూడ ప్రవేశించినవి. పలకను యుఎస్‌బి తీగతో కంప్యూటరుకు తగిలించి, తాను వ్రాసిన ప్రోగ్రామును విద్యార్థి దానిలోకి పంపవలెను. ఆ కంప్యూటరును నడిపేది లినక్సు అయినచో, మొదటిసారి తరచుగా ఒక విచిత్రము జరుగును. తీగ సరిగానే ఉన్నది. పలక మీది దీపము వెలుగుచున్నది. కంప్యూటరు పలకను గుర్తించినది కూడ. అయినను “అనుమతి లేదు” అనే సమాధానము తెర మీద కనబడును.

తన చేతితో తానే తగిలించిన వస్తువును వాడుకొనుటకు మరొకరి అనుమతి ఎందుకు? ఇది యంత్రము మొండితనము కాదు. సుమారు అరవై సంవత్సరముల చరిత్ర ఆ రెండు మాటలలో దాగి ఉన్నది. ఆ చరిత్ర తెలిసినవారికి ఈ తాళమును ఎందుకు వేసినారో తెలియును. తాళము చెవి ఎవరి చేతికి, ఎంతవరకు ఈయవలెనో కూడ తెలియును.

ఒకదాని వెంట ఒకటి

మొదట సీరియల్ అనగా ఏమో చూతము. ఇరుకైన గుమ్మము గుండా తరగతి పిల్లలు ఒకరి వెంట ఒకరు బయటకు వచ్చినట్లు, ఒకే తీగ మీద విద్యుత్ సంకేతములు వరుసగా ప్రయాణము చేయుటకే సీరియల్ పద్ధతి అని పేరు. ఈ పద్ధతి కంప్యూటరు కంటె పాతది. ఫ్రాన్సు దేశీయుడైన ఎమీల్ బోదో 1874 లో అయిదు సంకేతముల సమూహముతో ఒక్కొక్క అక్షరమును తంతి మీద పంపే విధానమునకు హక్కుపత్రము పొందినాడు. సంకేతముల వేగమును చెప్పుటకు నేటికిని వాడుచున్న “బాడ్” అనే మాట ఆయన పేరు నుండి పుట్టినదే.

బోదో విధానము క్రమముగా టెలిప్రింటరుకు దారి తీసినది. ఇక్కడ మీట నొక్కినచో దూరముననున్న యంత్రము అక్షరమును అచ్చువేయును. ఒకప్పుడు వార్తాపత్రికల కార్యాలయములలో రాత్రింబగళ్లు టకటకలాడిన యంత్రములు ఇవే. అమెరికాలో 1963 లో వెలువడిన టెలిటైప్ 33 అనే నమూనా సెకనుకు 110 బిట్లను పంపగలిగేది. ఒక్కొక్క అక్షరమునకు ఆరంభమును తెలిపే బిట్టు ఒకటి, అక్షరము కొరకు ఎనిమిది, ముగింపును తెలిపేవి రెండు, మొత్తము పదకొండు బిట్లు కావలెను. కావున 110 ని 11 చే భాగించగా సెకనుకు 10 అక్షరములు వచ్చును. ఇటువంటి తీగలను కలుపుటకు ఆర్‌ఎస్-232 అనే ప్రమాణము 1960 లో ఏర్పడినది.

కంప్యూటరుతో సంభాషించుటకు ఈ టెలిటైప్ యంత్రములే చౌకగా దొరికిన సాధనములు. అందుచేత వాటి పేరు సంక్షిప్త రూపమున “టిటివై” అని కంప్యూటరు పరిభాషలో స్థిరపడిపోయినది. నేడు విద్యార్థి తన పలకను తగిలించినప్పుడు లినక్సు దానికి టిటివై-యుఎస్‌బి-0 అనియో, టిటివై-ఎసిఎం-0 అనియో పేరు పెట్టును. ఆ పేరులోని మొదటి మూడక్షరములు ఆ టకటకలాడిన యంత్రము వదలిన గుర్తులు.

ఒకే యంత్రము, అనేకమంది వినియోగదారులు

1960వ దశకములో కంప్యూటరు గది అంత పెద్దది, వెల చాల ఎక్కువ. ఒక మనిషి ఆలోచించుచు కూర్చున్నంత సేపు అంతటి యంత్రమును ఖాళీగా ఉంచుట నష్టము. అందుచేత యంత్రము కాలమును చిన్న చిన్న తునకలుగా కోసి అనేకమందికి పంచే పద్ధతి పుట్టినది. ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1961 నవంబరులో ఇటువంటి వ్యవస్థ ఒకటి ప్రదర్శింపబడినది. ఒకే యంత్రమును పలువురు వాడుట మొదలుపెట్టగానే, ఒకరి పనిలో మరొకరు జోక్యము చేసుకొనకుండ అడ్డు కట్టవలసిన అవసరము కూడ మొదలైనది.

ఆ అడ్డుకట్టకు నేటికిని నిలిచి ఉన్న రూపము యూనిక్సులో వచ్చినది. బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ 1969 లో ప్రారంభించి, డెనిస్ రిచీతో కలిసి పెంపొందించిన ఈ వ్యవస్థలో ఒక సూత్రము ఉన్నది. డిస్కు మీద దాచిన ఫైలును ఏ విధముగా తెరచి చదివెదమో, పరికరమును కూడ అదే విధముగా తెరచి చదువవచ్చును. టెలిటైప్ ఒక ఫైలు. ముద్రణ యంత్రము ఒక ఫైలు. ఇవన్నియు “డెవ్” అనే ఒక అరలో పేర్లుగా కనబడును. థాంప్సన్, రిచీలు 1974 లో ప్రచురించిన వ్యాసములో ఈ ఏర్పాటు లాభములను వివరించినారు. పరికరములకు వేరుగా కావలి పద్ధతి అక్కరలేదనియు, ఫైళ్లకు ఉన్న రక్షణయే వాటికిని చాలుననియు అందులో ఒకటి. నేటి మన సమస్యకు మూలము ఇక్కడనే ఉన్నది. పరికరము ఫైలు అయినది గనుక, ఫైలుకు ఉన్నట్లే దానికిని యజమాని ఉన్నాడు.

1971 నవంబరు 3వ తేదీ గల యూనిక్సు మొదటి కరదీపికలో “మెస్గ్” అనే ఆదేశము కలదు. పని చేసుకొనుచున్న వ్యక్తి టెలిటైప్ మీద ఇతరులు సందేశములు అచ్చువేయుటకు అతడు సమ్మతించునో లేదో తెలుపుట దాని పని. టెలిటైప్ ఫైలు మీద ఇతరులకు గల వ్రాత హక్కును అది ఈయవచ్చును, తీసివేయవచ్చును. అనగా సామాన్య వినియోగదారుడు తన సీరియల్ తీగకు తానే తలుపు వేసుకొనగల హక్కు యాభై సంవత్సరములకు పూర్వమే ఉన్నది.

ఆరు, ఆరు, సున్న

1974 నాటి వ్యాసములో ప్రతి ఫైలుకును ఏడు రక్షణ బిట్లు ఉన్నట్లు చెప్పబడినది. చదువుట, వ్రాయుట, నడపుట అనే మూడు హక్కులు యజమానికి వేరుగాను, తక్కిన వారందరికి వేరుగాను ఆరు బిట్లలో ఉండేవి. అదే వ్యాసము 1978 లో సవరింపబడి మరల వెలువడినప్పుడు ఆ సంఖ్య పది అయినది. పెరిగిన మూడు బిట్లు చిన్నవే గాని భావము పెద్దది. యజమానికిని లోకమునకును నడుమ “సమూహము” అనే మూడవ తరగతి ఏర్పడినది.

పాఠశాల ప్రయోగశాలలోని బీరువాను తలచుకొన్నచో ఇది సులభముగా తెలియును. తాళము చెవి ప్రధానోపాధ్యాయుని వద్దనే ఉన్నచో ప్రయోగములు సాగవు. బీరువాను తెరచి ఉంచినచో ఆమ్లపు సీసా ఎవరి చేతిలో పడునో తెలియదు. రసాయనశాస్త్ర ఉపాధ్యాయులకు మాత్రము తలా ఒక తాళము చెవి ఇచ్చుట మధ్యమార్గము. సమూహము అనగా ఈ మధ్యమార్గమే.

ఈ హక్కులను అంకెలలో వ్రాసే పద్ధతి ఒకటి కలదు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1. చదువుటకును వ్రాయుటకును కలిపి 6. యజమాని, సమూహము, ఇతరులు అనే క్రమములో మూడు అంకెలు వ్రాయవలెను. 660 అనగా యజమాని చదివి వ్రాయవచ్చును, సమూహములోనివారు చదివి వ్రాయవచ్చును, ఇతరులకు ఏమియు లేదు. 666 అనగా తలుపు అందరికిని బార్లా తెరచి ఉన్నది. నేటి లినక్సు కంప్యూటరులో సీరియల్ పరికరమునకు సాధారణముగా ఉండేది 660. యజమాని “రూట్” అనే సర్వాధికారి. ఆ సమూహములో పేరు లేని విద్యార్థి మూడవ అంకె క్రిందికి, అనగా సున్న క్రిందికి వచ్చును. “అనుమతి లేదు” అనే మాటకు లెక్క ఇంతే.

టెలిఫోను తీగ మీద కావలి

సీరియల్ తీగకు ఇంత కావలి ఎందుకు అవసరమైనది? ఆ తీగకు ఆవలి కొనలో ఉండినది టెలిఫోను. మోడెము అనే పరికరము కంప్యూటరు సంకేతములను టెలిఫోను మీద పోగల ధ్వనులుగా మార్చును. సీరియల్ ద్వారమును తెరువగలిగినవాడు దూర ప్రాంతమునకు టెలిఫోను చేయగలడు, ఖర్చు సంస్థది. ఒకరు పంపుచున్న సమాచారము నడుమ మరొకరు వ్రాసినచో రెండును చెడును. ఒకరికి వచ్చిన సమాచారమును మరొకరు చదివినచో రహస్యము బయటపడును.

1979 లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పులో, యంత్రములు టెలిఫోను మీద ఒకదానికొకటి ఉత్తరములు పంపుకొనే యుయుసిపి అనే ఏర్పాటు చేరినది. ఇటువంటి ప్రోగ్రాములకు ఒక ఉపాయము తోడ్పడినది. ప్రోగ్రామును ఎవరు నడిపినను, నడిచినంతసేపు దానికి తన యజమాని అధికారము ఉండును. బెల్ ప్రయోగశాలలలో ఈ ఉపాయమును కనిపెట్టినవాడు డెనిస్ రిచీ. దాని హక్కుపత్రమునకు 1973 లో దరఖాస్తు చేయగా 1979 లో లభించినది. సామాన్యునికి తీగ మీద హక్కు లేదు; కాని తీగ మీద హక్కు గల ప్రోగ్రామును నడిపే హక్కు ఉన్నది. బ్యాంకులో మనము ఖజానాలోనికి పోకుండ, గుమాస్తా ద్వారా డబ్బు తీసుకొనుట వంటిది ఇది. అయితే అటువంటి ప్రోగ్రామును వ్రాయుటలో పొరపాటు జరిగినచో కంచే చేను మేసినట్లగును. నేర్పరి ఆ పొరపాటు మార్గమున యజమాని అధికారమునంతటిని చేజిక్కించుకొనగలడు.

మరొక చిక్కు కూడ ఉండేది. తొలినాటి యూనిక్సులో ఒక మనిషి ఒక సమయమున ఒకే సమూహములో ఉండగలిగేవాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు 1983 లో విడుదల చేసిన 4.2 బిఎస్‌డి కూర్పులో ఒకే వ్యక్తి ఏకకాలమున పలు సమూహములలో ఉండే వీలు కలిగినది. దీనితో సమూహము ఒక తాళము చెవి వలె ఉపయోగపడసాగినది. ముద్రణ యంత్రమునకు ఒక చెవి, టేపు యంత్రమునకు ఒక చెవి, సీరియల్ ద్వారమునకు ఒక చెవి. డెబియన్ మొదలైన లినక్సు కూర్పులలో సీరియల్ ద్వారపు సమూహము పేరు “డయలౌట్”, అనగా బయటకు టెలిఫోను చేయుట. మోడెములు దాదాపు మాయమైనను పేరు నిలిచియే ఉన్నది. మరికొన్ని కూర్పులలో ఈ సమూహము పేరు యుయుసిపి.

ఈ ఏర్పాట్లన్నిటి వెనుక గల నీతిని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు 1975 లో స్పష్టముగా చెప్పినారు. ప్రతి మనిషికిని, ప్రతి ప్రోగ్రామునకును పనికి కావలసినంత అధికారమే ఉండవలెను, అంతకు మించి ఉండరాదు. దీనినే కనిష్ఠ అధికార సూత్రము అందురు.

వచ్చి పోయే పరికరములు

1991 లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ప్రారంభించినాడు. తన ఇంటి కంప్యూటరు నుండి మోడెము ద్వారా విశ్వవిద్యాలయపు యంత్రముతో మాటలాడుటకు వ్రాసుకొన్న ప్రోగ్రామే పెరిగి లినక్సు అయినది. అనగా లినక్సు పుట్టుకయే సీరియల్ ద్వారము వద్ద జరిగినది.

అప్పటికి సీరియల్ ద్వారములు కంప్యూటరు వెనుక స్థిరముగా ఉండేవి. నిర్వాహకుడు ఒక్కసారి పేరు పెట్టి, అనుమతి వ్రాసి ఉంచినచో సంవత్సరముల తరబడి చెల్లేది. 1996 జనవరిలో యుఎస్‌బి ప్రమాణము మొదటి కూర్పు వెలువడినది. దీని రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించిన అజయ్ భట్ భారతదేశమున పుట్టిన ఇంజనీరు. యుఎస్‌బి పరికరము నడుచుచున్న కంప్యూటరుకు తగులును, తొలగును, మరల మరొక రంధ్రములో తగులును. నేడు 0 అనే సంఖ్య గల పరికరము రేపు 1 కావచ్చును. ఈ క్షణమున లేని పేరుకు అనుమతి వ్రాయుట ఎట్లు?

దీనికి సమాధానముగా 2003 లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ “యుదెవ్” అనే ప్రోగ్రామును సిద్ధపరచినాడు. పరికరము తగులగానే లినక్సు అంతర్భాగమైన కెర్నెలు ఒక వార్త పంపును. యుదెవ్ ఆ వార్తను అందుకొని, తన వద్దనున్న నియమముల పట్టికను చూచి, డెవ్ అరలోని ఆ ఫైలుకు యజమానిని, సమూహమును, హక్కులను నిర్ణయించును. ప్రతి యుఎస్‌బి పరికరములోను తయారీదారు సంఖ్య ఒకటి, వస్తువు సంఖ్య ఒకటి ఉండును. కావున “ఈ సంఖ్యలు గల పరికరము వచ్చినచో ఈ సమూహమునకు ఈయవలెను” అని నియమము వ్రాయవచ్చును. పేరుకు అతికి ఉన్న అనుమతి ఆనాటి నుండి వస్తువు లక్షణమునకు అతికినది.

మూడు మార్గములు

సామాన్య వినియోగదారునికి అనుమతి ఇచ్చుటకు నేడు ముఖ్యముగా మూడు మార్గములున్నవి.

మొదటిది 666 అని వ్రాయుట, లేదా పనినంతటిని రూట్ అధికారముతో చేయుట. ఇది ఎలుక మీద కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు. 666 వలన ఆ కంప్యూటరులో నడిచే ప్రతి ప్రోగ్రామునకును తీగ దక్కును. రూట్ అధికారముతో నడిపిన ప్రోగ్రాములో దోషమున్నచో తీగయే గాక కంప్యూటరంతయు దాని వశమగును. చేతితో మార్చిన 666 పరికరమును తీసి మరల తగిలించగానే పోవుటయు సహజము. ఫైలు క్రొత్తగా పుట్టును, యుదెవ్ తన నియమమునే మరల అమలు జరుపును.

రెండవది విద్యార్థి పేరును డయలౌట్ సమూహములో చేర్చుట. నిర్వాహకుడు దీనిని ఒక్కసారి చేసిన చాలును. అయితే ఇక్కడ చాలమంది తడబడుదురు. పేరు చేర్చినను అదే తిరస్కారము మరల కనబడును. సమూహముల పట్టిక వినియోగదారుడు లోపలికి ప్రవేశించిన సమయముననే అతని ప్రోగ్రాములకు అంటును. అటుపై పుట్టే ప్రోగ్రాములన్నియు ఆ పాత పట్టికనే వారసత్వముగా పొందును. కావున పూర్తిగా నిష్క్రమించి, మరల ప్రవేశించిన పిమ్మటనే క్రొత్త తాళము చెవి చేతికి వచ్చును.

మూడవది తెర ముందు కూర్చున్నవారికే అనుమతి ఇచ్చుట. డయలౌట్ సమూహములోనివాడు ఇంటి వద్ద నుండి నెట్‌వర్కు ద్వారా ప్రవేశించి, ప్రయోగశాలలో మరొక విద్యార్థి తగిలించిన పలకను తెరువవచ్చును. ఇది రెండవ మార్గములోని లోపము. నేటి లినక్సు కూర్పులలో, నియమములో ఒక గుర్తు ఉంచినచో, ఆ సమయమున తెర ముందు పని చేయుచున్న వ్యక్తి పేరు పరికరపు అనుమతి పట్టికలో తనంత తానే చేరును. అతడు నిష్క్రమించగానే తొలగును.

మూడవది అంత న్యాయమైనదైనచో సీరియల్ పరికరములన్నిటికి దానినే ఏల వర్తింపజేయరాదు? కారణము ఆలోచింపదగినది. స్కాట్లాండులోని ఎఫ్‌టిడిఐ సంస్థ తయారుచేసిన ఒక ప్రసిద్ధమైన చిప్పు, యుఎస్‌బి సంకేతములను సీరియల్ సంకేతములుగా మార్చును. దాని తయారీదారు సంఖ్య 0403, వస్తువు సంఖ్య 6001. ఈ అంకెలు చిప్పు ఏదో తెలుపును గాని చిప్పుకు ఆవల ఏమున్నదో తెలుపవు. ఆవల విద్యార్థి పలక ఉండవచ్చును, లోహమును కోసే యంత్రము ఉండవచ్చును, మరొక కంప్యూటరును అదుపుచేసే ద్వారము ఉండవచ్చును. కెర్నెలుకు తెలియని ఆ సంగతి తెలిసినవాడు పక్కన నిలిచిన మనిషి ఒక్కడే. ఆ తీర్పును అతనికి వదలుటయే సమూహ పద్ధతిలోని వివేకము.

తీగ నుండి ప్రోగ్రామునకు

పరికరము తన గురించి తాను చెప్పుకొన్నదానిని నమ్ముట కూడ అన్నివేళల క్షేమము కాదు. ఒక యుఎస్‌బి పరికరము లోపలి ప్రోగ్రామును మార్చి, అది మరొక రకపు పరికరమని కంప్యూటరును నమ్మింపవచ్చునని 2014 లో జర్మనీ పరిశోధకులు ప్రదర్శించి చూపినారు. మరొక వైపు, అనుమతి గల ప్రోగ్రాములన్నియు వినియోగదారుని ఇష్టప్రకారమే నడచునని కూడ అనరాదు. మోడెములను వెదకుటకు ఉద్దేశింపబడిన ఒక లినక్సు సేవ, క్రొత్తగా తగిలిన సీరియల్ పరికరమునకు మోడెము ఆదేశములు పంపి పరీక్షించుట వలన ఆర్డ్వినో పలకల పనికి అంతరాయము కలిగిన సందర్భములున్నవి. దాని నుండి ఫలానా పరికరమును తప్పించుటకు కూడ యుదెవ్ నియమమే వ్రాయవలసి వచ్చినది.

1971 లో ప్రశ్న “ఏ మనిషికి హక్కు కలదు?” అనేది. ఒక కంప్యూటరును ఒకరే వాడే చోట ఆ ప్రశ్న చాలదు, “ఆ మనిషి నడిపే ప్రోగ్రాములలో దేనికి హక్కు కలదు?” అని అడుగవలెను. 2021 లో క్రోమ్ బ్రౌజరులో సీరియల్ పరికరములతో సంభాషించే సౌకర్యము వచ్చినప్పుడు, ఏ పరికరమును ఏ పుట తెరువవచ్చునో వినియోగదారుడే స్వయముగా ఎంచుకొని తెలుపవలెనని నియమము పెట్టినారు. కనిష్ఠ అధికార సూత్రమే ఇక్కడ మరొక రూపమున కనబడుచున్నది.

తరగతిలో విద్యార్థికి ఆ తిరస్కారము ఎదురైనప్పుడు, తొందరపడి తలుపును బార్లా తెరచుట సులభమే. కాని ఆ పరికరము ఎవరిదో, దాని మీద చదివే హక్కు, వ్రాసే హక్కు ఎవరికున్నవో, తన పేరు ఏ సమూహములలో ఉన్నదో విద్యార్థి చేతనే చూపించి, అంకెలను చదివించి, తగిన సమూహములో చేర్పించినచో అది పది నిమిషముల పాఠమగును. పలక మీద దీపము వెలుగుట ఎంత ముఖ్యమో, తనకు కావలసిన అధికారము ఎంతో కొలిచి అడుగుట నేర్చుకొనుటయు అంత ముఖ్యము.